గ్యాస్ లీక్ అలారం: ముక్కు చురుకే, గొంతే తేడా

కోఠి, రాణిగంజ్ దుకాణాల్లోనూ ఆన్‌లైన్‌లోనూ వెయ్యి నుంచి రెండున్నర వేల రూపాయల లోపు దొరికే ఇంటి గ్యాస్ అలారాలు చాలావరకు ఒకే అచ్చులో పోసినట్టుంటాయి. అరచేయంత తెల్ల ప్లాస్టిక్ డబ్బా, ముందు చిల్లుల జాలీ, రెండు మూడు బుల్లి లైట్లు, ఒక టెస్ట్ బటన్, వెనక నేరుగా సాకెట్లో గుచ్చే పిన్నులు. అందుకే ఇది ఏదో ఒక కంపెనీ సరుకు మీద సమీక్ష కాదు, ఈ జాతి డబ్బా మీద సమీక్ష. అందులోనూ దాని అరుపు మీద. గ్యాస్ పసిగట్టడంలో దీనికి మంచి మార్కులే పడతాయి. పసిగట్టిన సంగతి ఇంట్లోవాళ్లకు చెప్పే దగ్గరే తప్పుతుంది.

ముందు మంచి చెప్పుకుందాం. లోపల ఉండేది టిన్ ఆక్సైడ్ పూత ఉన్న సెన్సర్. చిన్న హీటర్ ఒకటి దాన్ని ఎప్పుడూ వేడిగా ఉంచుతుంది. మామూలు గాలిలో ఆక్సిజన్ ఆ పూతను అంటిపెట్టుకుని కరెంటును సరిగా పారనివ్వదు. ఎల్పీజీ తగిలితే ఆ ఆక్సిజన్ ఖర్చయిపోయి కరెంటుకు దారి దొరుకుతుంది. ఆ తేడా చూసే అలారం మోగుతుంది. గాలిలో ఎల్పీజీ సుమారు 1.8 శాతానికి చేరితే నిప్పురవ్వ తగిలితే చాలు, అంటుకుంటుంది. ఈ డబ్బాలు సాధారణంగా ఆ హద్దులో పదో వంతు దగ్గరే, అంటే 0.2 శాతం కూడా నిండకముందే మేలుకుంటాయి. గ్యాస్‌కు కలిపిన మెర్‌కాప్టన్ వాసన మనకూ తెలుస్తుంది కానీ, జలుబు చేసినప్పుడు తెలియదు, నిద్రలో ఉన్నవాణ్ని లేపదు. ఆ లోటు ఈ డబ్బా తీరుస్తుంది. ముక్కుకు ఐదుకు నాలుగు.

పదో వంతు అన్నదాన్ని కాస్త పట్టుకోండి, గొంతు సంగతంతా దానిమీదే నడుస్తుంది. తొలి హెచ్చరిక వచ్చేసరికి ఇంకా వ్యవధి ఉందని దాని అర్థం. ఆ వ్యవధిలో చెయ్యాల్సినవి తక్కువే: బండ మీద రెగ్యులేటర్ కట్టేయాలి, కిటికీలు తలుపులు తీయాలి, బయటికి నడవాలి, బయటికి వచ్చాక 1906కు ఫోన్ చేయాలి. అన్నిటికంటే ముఖ్యంగా చెయ్యకూడనిది: ఏ స్విచ్చూ ముట్టుకోకూడదు. వెయ్యకూడదు, ఆపకూడదు కూడా. గాలి బయటికి పోతుందని ఎగ్జాస్ట్ ఫ్యానో చిమ్నీయో వేసే అలవాటు చాలామందికి ఉంది. ప్రమాదమంతా అక్కడే.

ఇప్పుడు డబ్బా ఏం చేస్తుందో చూడండి. మొదటి క్షణం నుంచే చెవిలో సూది గుచ్చినట్టు కీచుమంటుంది, ఆగకుండా. అంత గోల మొదలైతే మనిషి మొదట చేసేది గ్యాస్ సంగతి చూడడం కాదు, గోల ఆపడం. చాలా డబ్బాలకు మ్యూట్ బటన్ ఉండదు. పక్కనే సాకెట్ స్విచ్ ఉంటుంది. టక్కున నొక్కుతాడు. స్విచ్ ఆపేటప్పుడు లోపల చిన్న రవ్వ పుడుతుంది. అంటే ఏ పని చేయకూడదో సరిగ్గా ఆ పనికే మనిషిని తోస్తోంది దీని అరుపు. దీన్ని చిన్న లోపం అనుకోవడానికి లేదు. కొనేటప్పుడు డబ్బా మీద మొదట వెతకాల్సింది డెసిబెల్ అంకె కాదు, మ్యూట్ బటన్.

విమానాల వాళ్లు ఈ పాఠం ఎప్పుడో నేర్చుకున్నారు. పాత కాక్‌పిట్ అలారాలు పైలట్లు ఒకరి మాట ఒకరికి వినపడనంత మోతగా ఉండేవి. 1982లో బ్రిటన్ పౌర విమానయాన సంస్థ కోసం వినికిడి పరిశోధకుడు రాయ్ ప్యాటర్సన్ రాసిన మార్గదర్శకాల సారం ఇదే: చుట్టూ ఉన్న చప్పుడును దాటి వినపడడానికి కావలసిన దానికంటే 15 నుంచి 25 డెసిబెల్స్ పైన ఉంటే చాలు, అంతకు మించి అరవనక్కర్లేదు, శబ్దం ఒక్కసారిగా పేలకుండా 20, 30 మిల్లీసెకన్లలో మెల్లగా లేవాలి, మధ్యలో మాట్లాడుకోవడానికి ఖాళీ ఉండాలి. ఆ 20 మిల్లీసెకన్ల లేవడం వింటే తెలియదు. కానీ అది లేకపోతే గుండె ఝల్లుమంటుంది.

మరి అత్యవసరం అని శబ్దం ఎలా చెప్పాలి? వేగంతో. బోనాలప్పుడు డప్పు వినండి. అదే డప్పు, అదే మనిషి, దరువు వేగం పెరిగితే చాలు, నిలబడ్డవాడి కాలు కదులుతుంది. ఇంగ్లండులో హెలియర్, ఎడ్వర్తీ, డెన్నిస్ అనే పరిశోధకులు 1993లో దీన్ని కొలిచి చూశారు. వేగం, శ్రుతి, ఎన్నిసార్లు మోగింది, స్వరంలో కరుకుదనం, వీటిలో ఒక్కోదాన్ని మారుస్తూ వినేవాళ్లకు ఎంత తొందర అనిపించిందో రాబట్టారు. వాళ్ల లెక్క ప్రకారం తొందర రెట్టింపు అనిపించాలంటే వేగం సుమారు 1.7 రెట్లు చేస్తే సరిపోతుంది. అదే పని శ్రుతి పెంచి చేయాలంటే ఆరు రెట్లు దాటాలి. అంటే 500 హెర్ట్జ్ దగ్గర మొదలుపెడితే 3000 దాటాలన్నమాట. మన డబ్బా నేరుగా ఆ 3000 దగ్గరే కూర్చుని ఒకే వేగంతో అరుస్తుంది. పైకి పోవడానికి దానికిక మెట్టు లేదు.

ఆ 3000 ఎందుకంటే ధర. లోపల శబ్దం చేసే పియెజో బిళ్ల చాలా చవక, కొన్ని మిల్లీఆంపియర్లతో మోగుతుంది, 2000 నుంచి 4000 హెర్ట్జ్ మధ్య మాత్రమే గట్టిగా పలుకుతుంది. దీనివల్ల మూడు కష్టాలు. వయసు పైబడితే మొదట పోయేది ఆ పైస్థాయి వినికిడే; పగలు వంటింట్లో ఎక్కువసేపు ఉండే పెద్దవాళ్లకే ఇది తక్కువ వినపడుతుంది. రెండోది, మూసిన తలుపు పైస్థాయి శబ్దాన్ని ఎక్కువగా మింగుతుంది. మూడోది, ఆ ప్రాంతంలో ఒంటి స్వరం ఎటునుంచి వస్తోందో చెవి తేల్చుకోలేదు, ఇన్వర్టరా ఫ్రిజ్జా గ్యాసా అని ఇల్లంతా తిరగాల్సి వస్తుంది. అమెరికా అగ్నిప్రమాద నియమావళి పడకగదుల్లోని అలారాలకు 520 హెర్ట్జ్ చతురస్ర తరంగం (స్క్వేర్ వేవ్) అడగడానికి కారణం ఇదే. ఆ బొంగురు గొంతు పిల్లల్ని, చెవుడు మొదలైనవాళ్లని కీచు గొంతు కంటే బాగా లేపుతుంది.

పెద్ద మోతా అంటే అదీ కాదు. డబ్బా మీద 70 డెసిబెల్స్ అని రాసి ఉంటే అది సాధారణంగా ఒక మీటరు దూరంలో కొలిచినది. దూరం రెట్టింపైన ప్రతిసారీ ఆరు డెసిబెల్స్ తగ్గుతాయనుకుంటే నాలుగు మీటర్ల దగ్గర 58. మధ్యలో మూసిన తలుపు సుమారు 20 తీసేస్తే 38. పడకగదిలో ఐదో నంబరులో తిరుగుతున్న ఫ్యాను చప్పుడే దానికంటే ఎక్కువ. నిద్రలో ఉన్నవాణ్ని లేపాలంటే దిండు దగ్గర 75 ఉండాలన్నది అగ్నిప్రమాద అలారాల్లో వాడే కొలత. పైగా వంటింట్లో మిక్సీ తిరుగుతుంటే 80 దాటుతుంది, అప్పుడు పక్కనే ఉన్నా ఈ 70 వినపడదు. అంటే పక్కన ఖాళీగా నిలబడ్డవాడికి భరించలేనంత, అవతలి గదిలో పడుకున్నవాడికి సున్నా.

దీన్నే మిగతా ఇంటి చప్పుళ్ల మధ్య పెట్టి చూస్తే ఇంకా వింతగా ఉంటుంది. కుక్కర్ కూత హెచ్చరిక కాదు, లెక్క. మూడో కూతకు కట్టేయమని చెప్తే పక్కగదిలోంచి కూడా సరిగ్గా కట్టేస్తారు. ఇన్వర్టర్ పీప్ బ్యాటరీ తక్కువైందంటుంది. లిఫ్టులో ఆవిడ దర్వాజా బంద్ చేయమని హిందీలో మర్యాదగా అడుగుతూనే ఉంటుంది, ఎవరూ చేయరు. అందరికంటే గట్టిగా అరిచేది ట్యాంకు అలారం. నల్లా వచ్చే రోజు పొద్దున్నే సంపు నుంచి మోటారు వేస్తే, ట్యాంకు నిండగానే సినిమా పాట బాణీతోనో ఇంగ్లిష్ మాటలతోనో అపార్ట్‌మెంటు మొత్తం దద్దరిల్లుతుంది. నీళ్లు పొర్లితే వాచ్‌మన్ నాలుగు మాటలు పడతాడు, అంతే. గ్యాస్ నిండితే జరిగేది వేరు. కానీ చెవికి వినపడే వరస చూస్తే ట్యాంకే పెద్ద ప్రమాదం, గ్యాస్ డబ్బా ఇన్వర్టర్‌కు తమ్ముడు. ఎక్కువ ప్రమాదానికి ఎక్కువ తొందర అనే వరస ఒక్క డబ్బా విడిగా బాగుంటే కుదరదు, ఇంట్లో ఉన్నవన్నీ కలిపి చూసుకోవాలి. ట్యాంకు అలారానికి అరుపు తగ్గించే మార్గం సులువు: స్పీకర్ చిల్లుల మీద రెండు పొరల టేపు వేయండి.

ఆస్పత్రి పరికరాల ప్రమాణం ఐఈసీ 60601-1-8 ఈ వరసను రాతపూర్వకంగానే పెట్టింది. అత్యవసరమైతే ఒక విడతకు పది మోతలు, మధ్యస్థమైతే మూడు, తక్కువైతే ఒకటో రెండో. వినగానే ఎన్నో మెట్టో తెలిసిపోతుంది. మన కార్లలో కూడా ఒక మెట్ల పద్ధతి ఉంది. 2019 జూలై నుంచి తయారైన కార్లన్నీ 80 దాటితే అప్పుడప్పుడు, 120 దాటితే ఆగకుండా మోగాలి. ఆలోచన మంచిదే. కానీ ఔటర్ రింగు రోడ్డు లోపలి రెండు లేన్లలో 120 వరకు చట్టమే ఒప్పుకుంటుంది. తప్పేమీ చేయని మనిషికి గచ్చిబౌలి నుంచి శంషాబాద్ దాకా ఆ బీప్ వినపడుతూనే ఉంటుంది. నాన్నా పులి కథలో లాగా, కొన్నాళ్లకు చెవి దాన్ని లెక్కపెట్టడం మానేస్తుంది.

గ్యాస్ డబ్బాలో ఈ నాన్నా పులి రెండు చోట్ల దాక్కుని ఉంది. ఒకటి, కరెంటు. వంటింటి సాకెట్లు చాలా ఇళ్లలో ఇన్వర్టర్ లైనులో ఉండవు. కరెంటు పోతే డబ్బా చచ్చిపోతుంది, వచ్చాక హీటర్ వేడెక్కేవరకు రెండు మూడు నిమిషాలు కుదురుగా ఉండదు, చాలా మోడళ్లు ఆ సమయంలో బీప్ అంటాయి. ఎండాకాలంలో రోజుకు నాలుగుసార్లు కరెంటు పోతే నాలుగుసార్లు వట్టి బీప్. సెన్సర్ చెడిపోయినా, కరెంటు తిరిగొచ్చినా, గ్యాస్ కారినా ఒకే గొంతు. రెండోది, ఈ సెన్సర్ గ్యాస్‌నొక్కదాన్నే పట్టదు. దోమల స్ప్రే, శానిటైజర్, రూమ్ ఫ్రెషనర్, కొత్త పెయింటు, ఘాటైన పోపు పొగ కూడా దానికి గ్యాసే. పోపు పెట్టిన ప్రతిసారీ మోగితే వారంలో ఆ డబ్బా అల్మారాలోకి వెళ్తుంది. పొయ్యికి ఒకటి నుంచి మూడు మీటర్ల దూరంలో, నేరుగా ఆవిరి తగలని చోట పెడితే సగం తగ్గుతుంది.

పెట్టే ఎత్తు విషయంలో నేరుగా ప్లగ్గులో గుచ్చే మోడల్ మన వంటిళ్లకు అసలు పనికిరాదు. ఎల్పీజీ గాలికంటే బరువు, నేలబారున పాకుతుంది. సెన్సర్ నేలనుంచి 30 సెంటీమీటర్ల లోపు ఉండాలి. మన సాకెట్లేమో గట్టు మీద ఉంటాయి. గ్యాస్ అంత ఎత్తుకు చేరేసరికి పదో వంతు లెక్క కింద ఎప్పుడో దాటిపోయి ఉంటుంది. వైరుతో వచ్చి గోడకు బిగించే మోడల్ తీసుకోండి. భాగ్యనగర్ గ్యాస్ పైపు కనెక్షన్ ఉన్న ఇళ్లలో లెక్క తలకిందులు: అది మీథేన్, గాలికంటే తేలిక, అలారం సీలింగుకు 30 సెంటీమీటర్ల లోపు ఉండాలి. డబ్బా మీద కూడా మీథేన్ అని ఉండాలి.

గొంతు బాగుచేసుకునే మార్గం ఉంది. డబ్బాను విప్పొద్దు. రిలే అవుట్‌పుట్ ఉన్న మోడల్ కొనండి. రిలే అంటే అలారం మోగినప్పుడు దానంతట అదే మూసుకునే స్విచ్, వాల్వు మూయడానికి వాడేది. దానికి ఎన్‌ఓ (మామూలుగా తెరిచి ఉండేది), కామన్ అని రెండు స్క్రూలు ఉంటాయి. అక్కడినుంచి సన్నని రెండు పోగుల వైరు హాల్లోకి తీసుకెళ్లి, అరిచే భాగాన్ని అక్కడ పెట్టండి. వంటింట్లో వద్దు. సామాను కోఠి గుజరాతీ గల్లీలో దొరుకుతుంది: ఆర్డుయినో నానో (ప్రోగ్రాం రాసి నడిపే బుల్లి కంప్యూటర్ బోర్డు), డీఎఫ్ ప్లేయర్ మినీ (మెమరీ కార్డులోని శబ్దాన్ని వినిపించే బోర్డు), 32 జీబీ లోపు మెమరీ కార్డు, మూడంగుళాల 8 ఓంల స్పీకర్, 1 కిలో ఓం రెసిస్టర్, 1000 మైక్రోఫారడ్ కెపాసిటర్, మ్యూట్‌కు ఒక చిన్న నొక్కుడు బటన్. రిలే వైరు నానో రెండో పిన్నుకూ గ్రౌండుకూ. ప్లేయర్ ఆర్‌ఎక్స్ కాలుకు ముందు 1 కిలో ఓం పెట్టకపోతే స్పీకర్లో జుయ్‌మని వస్తుంది. కెపాసిటర్ 5 వోల్టుల లైను మీద. అది లేకపోతే స్పీకర్ మొదటి మోతకే వోల్టేజి కుంగి నానో మళ్లీ మొదటికొస్తుంది. నానో ఎందుకులే అని రిలేను నేరుగా ప్లేయర్ బటన్ కాలుకు కలిపేవాళ్లున్నారు. రిలే మూసుకునే ఉంటుంది, ప్లేయర్ దాన్ని బటన్ పట్టి నొక్కినట్టు లెక్కగట్టి పాట మార్చే బదులు శబ్దం పెంచుతుంది, తగ్గిస్తుంది. కరెంటు కోసం పవర్ బ్యాంకు వద్దు, లోడు తక్కువైతే దానంతట అదే ఆరిపోతుంది. వైఫై రూటర్‌కు పెట్టే చిన్న యూపీఎస్‌లో 5 వోల్టుల రంధ్రం ఉన్నది మేలు. డబ్బా కూడా ఇన్వర్టర్ లైనులో ఉంటేనే ఇదంతా పనికొస్తుంది, వైరింగ్ మనిషిని పిలిచి ఆ ఒక్క పాయింటు మార్పించండి.

స్పీకర్‌ను ఊరికే బల్ల మీద పెట్టొద్దు. ముందు శబ్దం, వెనక శబ్దం కలిసి 520 హెర్ట్జ్ సగం చచ్చిపోతుంది. గట్టి ప్లాస్టిక్ డబ్బాకు గుండ్రంగా కోసి, అంచులు మూసి బిగించండి.

శబ్దం కంప్యూటర్లో ఆడాసిటీ అనే ఆడియో సాఫ్ట్‌వేర్‌తో తయారవుతుంది. 520 హెర్ట్జ్, చతురస్ర తరంగం. ప్రతి మోతకు ముందూ వెనకా 25 మిల్లీసెకన్ల వాలు. మొదటి ఫైలు: 200 మిల్లీసెకన్ల మోతలు మూడు, మధ్య 200 ఖాళీ, తర్వాత మాట (ఏం చెయ్యాలో చెప్పే రికార్డు, దాని సంగతి కింద), తర్వాత నాలుగు సెకన్ల నిశ్శబ్దం. రెండో ఫైలు: 100 మిల్లీసెకన్ల మోతలు మూడు, రెండు, మళ్లీ మూడు, రెండు, మధ్య 100 ఖాళీ, మాట, రెండు సెకన్ల నిశ్శబ్దం. నానో మొదటిది మూడుసార్లు వినిపించాలి, అప్పటికీ ఎవరూ మ్యూట్ నొక్కకపోతే రెండోది. వేగం రెట్టింపయింది కాబట్టి పైన చెప్పిన కొలత ప్రకారం తొందర రెండున్నర రెట్లు అనిపిస్తుంది, శబ్దం ఒక్క డెసిబెల్ పెంచకుండానే. ఈ మ్యూట్ బటన్ నానోకు కలిపేది, బ్యాటరీ వోల్టేజి మీద నడిచేది, హాల్లో ఉండేది కాబట్టి సాకెట్ స్విచ్ గొడవ లేదు. రెండు నిమిషాలే నోరు మూయాలి, ఆపై గ్యాస్ ఇంకా ఉంటే మళ్లీ మొదలుపెట్టాలి.

మాట దగ్గర తెలుగులో చిక్కు ఒకటుంది. మన వద్దు చివర్లో వస్తుంది. దూరం నుంచి, సగం నిద్రలో విన్నవాడికి "స్విచ్ వేయొద్దు"లో స్విచ్ మాత్రమే చెవిన పడుతుంది, వాడు లేచి సరిగ్గా స్విచ్చే వేస్తాడు. అందుకే వద్దును ముందుకు లాగాలి: "వద్దు వద్దు. స్విచ్‌లు ముట్టుకోవద్దు. రెగ్యులేటర్ కట్టేయండి. కిటికీలు తీయండి." ఇంట్లో పనిచేసేవాళ్లకో పక్కవాళ్లకో తెలుగు రాకపోతే దక్కనీలో ఒక ముక్క చాలు: "స్విచ్కు హాత్ మత్ లగావ్." అందులో మత్ ఎలాగూ క్రియకు ముందే ఉంది. ఆడ గొంతా మగ గొంతా అనేది పెద్ద విషయం కాదు. ఫోన్లో రికార్డు చేసినా సరే, నోటికి అరడుగు దూరంలో, ఫ్యాను ఆపి, ఒక్కో వాక్యానికీ మధ్య అర సెకను వదిలి చెప్పండి. రాగం తీయొద్దు.

ఇదంతా ఎవరు చేస్తారు అంటారా, చేయలేనివాళ్లు కనీసం గోడ మోడల్, మ్యూట్ బటన్, రిలే స్క్రూలు, రెండు స్థాయిల హెచ్చరిక, ఈ నాలుగూ చూసి కొనండి. నాలుగూ ఉన్నది రెండు వేల పైనే ఉంటుంది. గొంతుకు మాత్రం మామూలు డబ్బాలకు ఐదుకు ఒకటిన్నర మించి ఇవ్వలేం. డబ్బా వెనక తయారీ నెల చూడండి. సెన్సర్ ఆయువు సుమారు ఐదేళ్లు, షాపు అరలో ఏడాది మగ్గింది కొంటే ఆ ఏడాదీ పోయినట్టే.

బిగించాక టెస్ట్ బటన్ ఒక్కటే నమ్మొద్దు, అది బజర్‌ని మాత్రమే పరీక్షిస్తుంది, ముక్కును కాదు. సిగరెట్ లైటర్ గ్యాస్ వెలిగించకుండా, జానెడు దూరం నుంచి, ఒక్క సెకను వదిలితే చాలు. జాలీకి ఆనించి కొడితే సెన్సర్ మొద్దుబారుతుంది. పొయ్యి ఆరిపోయి ఉండాలి, దేవుడి దగ్గర దీపం కూడా. ఆ పరీక్ష రాత్రి పది దాటాక, అన్ని తలుపులూ మూసి, ఫ్యాన్లు ఐదులో పెట్టి చేయండి. పక్క ఫ్లాటువాళ్లకు ముందే ఒక మాట చెప్పి ఉంచండి. మోగినప్పుడు వినపడిందా అని ముందు కుర్రాళ్లని అడగొద్దు. చివరి గదిలో పడుకున్న నానమ్మని అడగండి, వినపడిందా అని కాదు, ఏం చెయ్యమంది అని.